మూడున్నరకు ఒక గడి

ముందుగా నాకు నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. కొల్లేటి అంచున, కైకలూరు వైపు వెళ్ళే రోడ్డు పక్కన, చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ఒక చిన్న గది ఉంది. ఆ గదిలోని కంప్యూటరులో నేను రాసిన ఒక ప్రోగ్రాం ఉంది. దానిలో మొదట బటన్లు మాత్రమే ఉండేవి. తరువాత, టైపు చేసుకోవడానికి వీలుగా, ఖాళీ గడులు చేర్చాను. వీటికి నేనే సాక్షిని కనుక వీటిని సత్యాలుగా స్వీకరించవచ్చు.

ఇక వినికిడి. నా గడుల వల్ల ఒక చెరువులోని చేపలన్నీ బతికి బయటపడ్డాయని అంటారు, నేను చూడలేదు. ఆ కంప్యూటరు తప్పు రాసినవాళ్ళను తెలుగులో కసురుకుంటుందని అంటారు. అది మృదువుగానే చెబుతుందని నా నమ్మకం, కానీ రాసింది నేనే కనుక నా సాక్ష్యం చెల్లదు. ఈ కథ కొల్లేటి నుంచి ఏలూరుకూ, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలోని మా పిన్ని చెవికీ చేరేసరికి మరికొంత ముదిరింది. ఆవిడ ఫోను చేసి అడిగింది:

"ఏమే, కొల్లేట్లో పెట్టెలు పెట్టిస్తున్నావటగా? ఐసు పెట్టెలా?"

"పెట్టెలు కావు పిన్నీ, గడులు. కంప్యూటర్లో."

"అయితే మరి చేపల్ని ఎందులో పెడతారే?"

పిన్ని ప్రశ్నకు నేను ఇప్పటికీ సంతృప్తికరంగా జవాబు చెప్పలేదు. అందువల్ల గూడెంలో మా బంధువర్గమంతా నేను ఉద్యోగ విరమణ చేశాక చేపల వ్యాపారంలో దిగానని నమ్ముతోంది.

ఏలూరులో ఒక డిగ్రీ కళాశాలలో చాలాకాలం ఫిజిక్సు చెప్పాను. ఆ పాఠాల వల్ల పిల్లలకు ఏమి అబ్బిందో తెలియదు గాని, నాకు మాత్రం ఎవరు ఏమి చెప్పినా "ఎలా తెలుసు?" అని అడిగే దురలవాటు అబ్బింది. పెళ్ళిళ్ళకు నన్ను పిలిచేవాళ్ళు తగ్గడానికి అదే కారణమని మా ఇంట్లో అంటారు. అదీ రుజువు కాలేదు. ఆ అలవాటును భరించిన కొద్దిమంది విద్యార్థినులలో ఒకామె ఆ నీళ్ళ పరీక్షల గదిని నడుపుతోంది. ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబంలో పుట్టిన అమ్మాయి. కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తి చేసింది. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు వంటింట్లో గడిచాయి. తరువాత ఆమె చదువూ, ఆమె భర్త మోటారు సైకిలూ కలిసి ఈ గది అయింది. ఆయన చెరువుల గట్ల వెంట తిరిగి నీళ్ళ సీసాలు తెస్తాడు, ఆమె పరీక్షించి చెబుతుంది.

అయితే అసలు పని పొద్దు పొడవకముందే మొదలవుతుంది. రాత్రంతా చెరువులో నాచూ చేపలూ కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. వెలుగు వచ్చేదాకా కొత్తది పుట్టదు. కనుక తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. మరీ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకు చెరువు కాపలాదారు గట్టు మీద నిలబడి, మీటరు తీగను నీళ్ళలో వేసి, అది చూపిన అంకెను ఫోనులో చెబుతాడు. లీటరుకు మూడున్నర మిల్లీగ్రాములూ ఆపైన ఉంటే ఫరవాలేదు. తగ్గితే నీటిని చిలికే ఏరియేటర్లు వేయమని ఈమె చెప్పాలి. ఒక్క మాటలో, పది ఊళ్ళ చేపల ఊపిరి ఆ ఫోను మీద ఉంటుంది.

మొదటి ప్రోగ్రాంలో ప్రతి చెరువుకూ రెండు బటన్లు పెట్టాను: ఆకుపచ్చది బాగుందని, ఎర్రది బాగాలేదని. ఆమెకు అది నచ్చలేదు. "మేడం, బాగుందంటే ఎంత బాగుంది? నిన్నటి కంటె తగ్గిందా, పెరిగిందా? మీరే కదా మాకు క్లాసులో చెప్పేవారు, అంకె లేని మాట కబురే గాని కొలత కాదని" అంది. నా వాక్యాన్ని నా మీదే ప్రయోగించినందుకు కోపం రావలసింది; కాని ఆ వాక్యం ఒకరికి గుర్తున్నందుకు కలిగిన సంతోషం ముందు అది నిలవలేదు. గడులు చేర్చడానికి ఒప్పుకున్నాను.

బటనుకూ గడికీ మధ్య ఉన్న తేడా పైకి కనిపించేంత చిన్నది కాదు. బటను అవుననో కాదనో మాత్రమే అంటుంది. గడి అలా కాదు. అది తలుపు తీసిన ఇల్లు, ఎవరైనా ఏదైనా పట్టుకుని లోపలికి రావచ్చు. పైగా గడిలోకి వచ్చినది అంకెలా కనిపించినా యంత్రానికి అది అక్షరాల వరస మాత్రమే. దానిని అడిగి, పరీక్షించి, అంకెగా మార్చుకోవలసిన బాధ్యత ప్రోగ్రాం రాసినవాళ్ళది. జీవితమంతా ఎదుటివాళ్ళ మాటను పరీక్షించినదాన్ని కనుక ఈ పని నా స్వభావానికి సరిపోతుందనుకున్నాను. చెరువు పేరుకు ఒక గడి, సమయానికి ఒకటి, ఆక్సిజన్‌కు ఒకటి, ఆ పక్కన నీటి వేడిమికి మరొకటి. కింద "భద్రపరచు" అనే బటను. ఏ గడిలో ఏమి రాయాలో తెలియడానికి లోపల లేత బూడిదరంగులో ఒక నమూనా, టైపు చేయగానే మాయమయ్యేట్టు.

మొదటి రోజే చెరువు పేరు గడి నన్ను నవ్వులపాలు చేసింది. పేరుకు పది అక్షరాలు చాలుననుకుని, అంతకు మించి పట్టకుండా హద్దు పెట్టాను. తెలుగులో మనం ఒక అక్షరమనుకునేది యంత్రానికి ఒకటి కాదు. గుణింతం ఒకటి, ఒత్తు ఒకటి, వాటిని కలిపే పొల్లు మరొకటి. "పాత కుక్కలగట్టు చెరువు" అనే పేరు ఆ లెక్క ప్రకారం మధ్యలోనే ఆగిపోయింది. ఆ చెరువు యజమాని డెబ్భై దాటిన పెద్దమనిషి. తెల్ల పంచె, మెత్తటి మాట. రిపోర్టు కాగితం చేత్తో పట్టుకుని గదికి వచ్చి, నాకు నమస్కారం పెట్టి, కుర్చీలో కుదురుగా కూర్చుని, అప్పుడు చదివాడు.

"'పాత కుక్కల. ఆక్సిజన్ నాలుగు.' ఏవండీ మేడంగారూ, మా చెరువులో బొచ్చెలూ శీలావతులూ ఉన్నాయండి. కుక్కల్ని మేం ఎప్పుడూ పెంచలేదండి. అందులోనూ పాతవి."

హద్దు తీసేశాను. ఆ పెద్దాయన మాత్రం ఆ తరువాత నేను ఎదురుపడినప్పుడల్లా "కుక్కలన్నీ క్షేమమేనండి" అని కబురు చెబుతూనే ఉన్నాడు.

ఆక్సిజన్ గడి అంతకన్నా జాగ్రత్తగా కట్టాను. "మూడున్నర" అని అక్షరాలలో రాస్తే గడి లేత ఎరుపుకు తిరిగి, "దయచేసి అంకెల్లో రాయండి" అంటుంది. చెరువు నీటిలో సాధ్యం కానంత పెద్ద అంకె వేస్తే "మరొకసారి చూడండి" అంటుంది. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. ఇక ఈ గడిలోకి అబద్ధం దూరలేదనుకుని ఏలూరు తిరిగి వచ్చాను.

కొన్ని వారాల తరువాత ఆమె ఫోను చేసింది. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"మేడం, ఒకసారి వస్తారా? మావారు ఏలూర్లో ఒక కంప్యూటర్ ఆపరేటర్ని మాట్లాడేశారు. వచ్చే నెల నించి పొద్దుటి ఫోన్లు అతను చూస్తాట్ట. నేను సీసాలు కడుక్కోవచ్చట."

సంగతి ఏమిటంటే, తెరమీద ఎర్ర గీతలు ఎక్కువయ్యాయి. ఆక్సిజన్ మూడున్నర కన్నా తగ్గిందని ప్రోగ్రాం ఆ చెరువు పేరు కింది గీతను ఎర్రగా చూపుతుంది. యజమానికి కబురు వెళుతుంది. ఆయన లేచి గట్టుకు పరుగెత్తుతాడు. తీరా చూస్తే చేపలు అడుగున హాయిగా తిరుగుతుంటాయి. కొన్నిసార్లు ఎరుపు నిజమే, కొన్నిసార్లు కాదు. ఏది ఏదో తెలియక రైతులు విసుగెత్తారు. కుక్కలగట్టు పెద్దాయన అయితే, మీ ఎర్ర గీత వచ్చాక మా ఇంటిల్లిపాదీ కోడి కంటె ముందు లేస్తున్నామమ్మా, కోడి చిన్నబుచ్చుకుంటోంది, అన్నాడట. నవ్వుతూనే అన్నాడు, కానీ ఎరుపును నమ్మడం మానేస్తే, నిజమైన ఎరుపు వచ్చిన రోజున ఎవరూ లేవరు. అది నవ్వు విషయం కాదు.

"తప్పు నీదని ఎవరన్నారు?" అని అడిగాను.

"మావారే. నిద్రమత్తులో కొడతావు అంటారు. మేడం, ఇంట్లో మిగతా రోజంతా అందరిదీను. ఆ పొద్దుటి కాసేపే నాది. అంత పెద్ద రైతులు ఫోను తీసి 'మేడంగారూ, ఏం చెయ్యమంటారు' అని నన్ను అడుగుతారు. ఆ కుర్చీ వదులుకోవాలంటే…" అంది.

ఆ మరుసటి వారమే బయలుదేరాను. సాయంత్రానికి వాళ్ళింటికి చేరి, ఇంటి ముందే ఉన్న ఆ గదిలో ముగ్గురి వాదనలూ విన్నాను. ముగ్గురని ఎందుకన్నానంటే, నేను వస్తున్నానని తెలిసి కుక్కలగట్టు పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు.

ఆయన వాదన ప్రకారం తప్పు అమావాస్యది. "చంద్రుడు లేనప్పుడు చెరువు ఊపిరి బిగబడుతుందండి. మా నాన్నగారు కూడా అనేవారు."

"మీ నాన్నగారి కాలంలో ఆక్సిజన్ మీటరు ఉందాండీ?"

"లేదండి. అందుకే కాస్త ధైర్యంగా అనేవారు."

మబ్బు పట్టిన రోజున ఆక్సిజన్ తగ్గడం నిజమే, వెలుగు చాలదు. అమావాస్య సంగతి అలా కాదు. పౌర్ణమి వెళ్ళిన మర్నాడే ఇద్దరు రైతులను ఉత్తుత్తి ఎరుపు లేపిందని ఆ రైతులే ఫోనులో చెప్పడంతో ఆ వాదన పడిపోయింది. పెద్దాయన బాధపడలేదు, "అయితే చంద్రుడు నిర్దోషేనండి" అని తీర్పు చెప్పాడు.

రెండవ అనుమానం మీటరు మీద. నీటిని సీసాలో సగందాకా పోసి, గాలితో బాగా కలిసేట్టు కుదిపి, మీటరు తీగ వేసి చూశాను. ఆ వేడిమికి ఎంత చూపాలో అంతే చూపింది. కాపలాదారుల మీటర్లు తెప్పించి ఇదే పరీక్ష పెట్టాను. అవీ నెగ్గాయి.

మూడవ అనుమానం నా ప్రోగ్రాం మీద. దానినీ వదలలేదు. గడిలో రకరకాల అంకెలు వేసి చూశాను. ఏది వేస్తే అదే దాచింది, మూడున్నర కన్నా తగ్గినప్పుడే ఎర్రబడింది.

"ఇక మిగిలింది మనిషేనండి" అన్నాడు ఆమె భర్త, ఎంతో విచారంగా, ఎంతో సంతోషంగా. ఆయన మంచివాడు. భార్యను పల్లెత్తు మాట అనడు. అనవలసి వస్తే కంప్యూటరు మీద పెట్టి అంటాడు. "కీబోర్డుకి కూడా నిద్ర చాలదు కదండీ పాపం."

"మీరు ఎప్పుడైనా కూర్చుంటారా ఆ కుర్చీలో?" అని అడిగాను.

"అప్పుడప్పుడండి. వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నెప్పులు, చూడ్డానికి ఏలూరు వెళ్తుంది కదండీ, ఆ రోజుల్లో. అదేం బ్రహ్మవిద్యండీ, రెండంకెలు."

"అప్పుడు ఎరుపు వస్తుందా?"

"వస్తుందండి. కాని నేను కూర్చున్నప్పుడు వచ్చిన ఎరుపు నిజం ఎరుపండి."

"ఎలా తెలుసు?"

"నేను జాగ్రత్తగా కొడతాను కదండీ!"

నేను ఫిజిక్సు చెప్పిన సంవత్సరాలన్నీ ఆ వాక్యం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. భార్య నా వైపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పూటే ఒక పని చేశాను. ఫోనులో విన్న అంకెను తిరిగి చదివి వినిపించే పద్ధతి విమానాలకూ ఆసుపత్రులకూ ఉంది. చెరువులకు ఎందుకు ఉండకూడదు? అయితే కాపలాదారులు మీటరులో 3.5 చూసి "మూడు పాయింటు అయిదు" అనరు, "మూడున్నరండి" అంటారు. మీటరు 3.7 చూపినా 3.8 చూపినా మనవాళ్ళ నోట అది మూడుముప్పావే. కనుక ఆక్సిజన్ గడి పక్కనే మరొక చోటు పెట్టి, టైపు చేసిన అంకె అక్కడ మన మాటలో కనిపించేట్టు రాశాను. 3.25 కొడితే "మూడుంబావు", 3.5 కొడితే "మూడున్నర", 3.75 కొడితే "మూడుముప్పావు". ఈ పావు, అర, ముప్పావులకు లొంగని అంకె అయితే "మూడూ పాయింటు రెండు" అని. దానిని చదివి వినిపించి, అవతలివాడు అవునన్నాకే భద్రపరచాలి. సంధి సూత్రాలను యంత్రానికి నేర్పడం నేననుకున్నంత తేలిక కాలేదు. తొలి ప్రయత్నంలో అర మిల్లీగ్రామును అది "సున్నన్నర" అంది. పెద్దాయన ఆ మాటను ఎంతో ఇష్టపడి, ఇంటికి తీసుకుపోయాడు.

పద్ధతి ఇద్దరికీ చూపించాను. ఆమె రెండుసార్లు వేసి చూసుకుంది. ఆయన తల ఊపాడు.

మర్నాడు తెల్లవారకముందే గదిలో దీపం వెలిగింది. కిటికీ అవతల చెరువుల మీద మంచు తెరలా ఉంది; ఎక్కడో గూడబాతులు రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు. ఫోనును స్పీకరులో పెట్టి ఆమె కూర్చుంది. మొదటి ఫోను, రెండవ ఫోను; ఆమె వింటుంది, కొడుతుంది, పక్కనున్న మాట చదువుతుంది: "నాలుగుంబావు, అవునా బాబూ?" అవతల "అవునండి". అలా మూడు నాలుగు చెరువులు అయ్యాయి. అంతా ఆకుపచ్చ. అప్పుడు ఆమె లేచింది.

"మేడానికి టీ పెట్టుకొస్తాను. ఏవండీ, కాస్త ఇటు చూస్తారా?"

ఆయన కుర్చీలో కూర్చున్న తీరు చూడవలసింది. చొక్కా సర్దుకుని, కీబోర్డును రెండంగుళాలు ముందుకు జరిపి, మెడ నిటారుగా పెట్టాడు. ఫోను మోగింది.

"ఎవరయ్యా?"

"కుక్కలగట్టు చెరువండి. మూడున్నరండి."

"మూడున్నర" అని గట్టిగా అని, ఆయన టకటకా కొట్టాడు. గడిలో 3.30 అని పడింది. పక్కన నా అక్షరాలు వెంటనే "మూడూ పాయింటు మూడు" అన్నాయి. ఆయన అటు చూడనైనా చూడలేదు. "భద్రపరచు" నొక్కాడు. గీత ఎర్రబడింది.

"చూశారా మేడంగారూ? నేను కూర్చున్నా ఎరుపే. నేనేం నిద్రపోతున్నానా?"

నేను తెర దగ్గరకు జరిగాను. చాలాకాలం వెతికిన సున్నితమైన రీడింగు కంటి ముందు నిలిచినప్పుడు ఊపిరి బిగబట్టడం శాస్త్రీయమైన అలవాటు.

"అతను ఎంతన్నాడండీ?" అని అడిగాను.

"మూడున్నర."

"మీరెంత కొట్టారు?"

"మూడున్నరే కదండీ" అని తెరమీద 3.30ను వేలితో చూపించాడు. వేలు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను.

"గంటకు ఎన్ని నిమిషాలు?"

"అదేంటండీ, అరవై."

"మిల్లీగ్రాముకు?"

ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఆక్సిజన్ చాలని బొచ్చె చేప సరిగ్గా అలాగే చేస్తుంది. ఈలోగా స్పీకరులోంచి కాపలాదారు గొంతు వినిపించింది: "ఏవండీ, మోటార్లు వెయ్యమంటారా, వద్దాండీ? ఇక్కడ చలేస్తోందండి."

"వద్దు బాబూ, బాగానే ఉంది, వెళ్ళి పడుకో" అని ద్వారం దగ్గర నుంచి ఆమె సమాధానం చెప్పింది. చేతిలో టీ పళ్ళెం ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో మేము గమనించలేదు.

తరువాత విషయం ఆయన నోటనే బయటపడింది. ఈ గది పెట్టకముందు ఆయన చాలా ఏళ్ళు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ బస్సులకు టైం కీపరుగా పనిచేశాడు. నల్లజర్ల బండి మూడున్నర, కామవరపుకోట బండి మూడుముప్పావు, చింతలపూడి బండి నాలుగుంబావు. డ్రైవర్లు అలా అరుస్తారు, ఆయన కంప్యూటరులో 3.30, 3.45, 4.15 అని కొడతాడు. అన్నేళ్ళు కొట్టి కొట్టి, ఆయన చెవికీ వేళ్ళకూ మధ్య ఒక దారి పడింది. ఆ దారిలో మనస్సుకు స్టాపు లేదు. మూడున్నర వింటే 3.30, మూడుముప్పావు వింటే 3.45. రెండూ 3.5 కన్నా తక్కువే. మూడుంబావు అయితే 3.15 పడుతుంది, అదీ తక్కువే, కాని అది ఎలాగూ ఎర్రబడవలసిందే కనుక ఎవరూ పట్టించుకోలేదు.

"అంటే… నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళినప్పుడల్లా…" అని ఆయన భార్య వైపు తిరిగి మొదలుపెట్టి, వాక్యాన్ని మధ్యలో వదిలేశాడు. ఆమె టీ కప్పు అందించింది.

నన్ను ఆలోచింపజేసినది ఆయన పొరపాటు కాదు, నా గడి. అక్షరాలు వస్తే ఆపింది, ఖాళీని ఆపింది, అసాధ్యాన్ని ఆపింది. 3.30ను మాత్రం మర్యాదగా లోపలికి పిలిచింది, ఎందుకంటే అది అన్ని పరీక్షలూ నెగ్గిన అంకె. చెరువులో ఆక్సిజన్ 3.30 ఉండవచ్చు, ఆ పూట ఆ చెరువులో లేదు, అంతే. అసంభవాన్ని పట్టుకోవడం యంత్రానికి నేర్పవచ్చు. సంభవమే అయినా జరగనిదాన్ని పట్టుకోవడానికి ఇంకొక మనిషి గొంతు కావాలి.

తెల్లవారాక కుక్కలగట్టు పెద్దాయన వచ్చాడు. కబురు అప్పటికే ఆయన చెవికి చేరినట్టుంది. గుమ్మంలోనే ఆగి, చెయ్యి నుదుటికి ఆనించి రోడ్డు వైపు చూశాడు.

"ఏవయ్యా, నల్లజర్ల బండి వెళ్ళిపోయిందా?"

"బాబాయిగారూ, మీరు కూడానాండీ…"

"నాకేం తెలుసయ్యా, మా చేపలన్నీ గట్టుమీద బస్సు కోసం నిలబడ్డాయట. మూడు నలభై అయిదుకి వస్తుందని నువ్వే చెప్పావటగా!"

ఆమె నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. నేను ఆపుకున్నాను, అధ్యాపకులకు ఆ శిక్షణ ఉంటుంది. ఆమె భర్త కాసేపు సహించి, తానే నవ్వేశాడు. తరువాత ఫోను తీసి, మా అందరి ఎదుటే, ఏలూరులోని ఆపరేటరుకు చెప్పాడు: "ఆ పోస్టు ఫిలప్ అయిపోయిందండి. ఆఁ, లోకల్ క్యాండిడేటేనండి. బీయస్సీ అండి. ఎక్స్‌పీరియన్సా? నాకంటె ఎక్కువేనండి." ఫోను పెట్టి, కుర్చీని భార్య వైపు తిప్పి, దాని వీపును రెండుసార్లు తట్టాడు. క్షమాపణ అనే మాట వాడలేదు. గోదావరి జిల్లాల్లో మగవాళ్ళు కుర్చీ తిప్పితే అదే అర్థమని ఆమె నాకు తరువాత చెప్పింది. దీనికి తగినన్ని నమూనాలు నా దగ్గర లేవు కనుక సాధారణ సూత్రంగా ప్రకటించడం లేదు.

ఇప్పుడు పొద్దుటి ఫోన్లన్నీ ఆమే చూస్తుంది. ఏలూరు వెళ్ళవలసి వస్తే ఫోన్లు ముగిశాకే బయలుదేరి, సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఎరుపు ఇంకా వస్తుంది, మబ్బు రోజుల్లో మరీను. వచ్చినప్పుడు మాత్రం రైతులు మాట్లాడకుండా గట్టుకు వెళుతున్నారు. ఆయన సీసాలు తెస్తాడు. వాటిని కడగడం కూడా తనకు వచ్చునని ఈ మధ్య కనిపెట్టాడట.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. ఆ పొద్దున ఆమె నిజంగా నాకు టీ పెట్టడానికే లేచిందా? బయలుదేరే ముందు నా చేతిసంచీ తీసుకుంటూ చూశాను: రోజూ ఫోన్లు మొదలుకాకముందే ఆమె నింపుకునే ఫ్లాస్కు బల్ల కింద ఉంది, దానిలో టీ ఉంది, తాకితే వేడిగానే ఉంది. ఆమెను అడిగాను. "మీకు ఫ్లాస్కు టీ ఎలా ఇస్తాను మేడం?" అని నవ్వింది. ఆ జవాబు మర్యాదకూ సరిపోతుంది, పన్నాగానికీ సరిపోతుంది. ఈ రెండింటినీ వేరుచేసే సాక్ష్యం నా దగ్గర లేదు. పరీక్షను మళ్ళీ జరిపి చూద్దామంటే, అందుకు కావలసిన ముఖ్యమైన పరికరం, అంటే ఆమె భర్త, ఆ కుర్చీలో కూర్చోవడానికి ససేమిరా ఒప్పుకోవడం లేదు.